అత్తయ్య రోజూ పొద్దున్నే అరగంట దగ్గుతున్నారు, ఇది వయసేనా?

ప్రశ్న:

మా అత్తయ్యకి 73 ఏళ్ళు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క పల్లెటూరు వాళ్ళది. మామయ్య పోయాక రెండేళ్ళుగా విశాఖలో మా దగ్గరే ఉంటున్నారు. చుట్ట, బీడీ ఏదీ అలవాటు లేదు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటారు. ఏడాదిగా రోజూ లేవగానే అరగంట సేపు దగ్గుతారు. గొంతులో గల్ల అడ్డం పడినట్టు ఉంటుందట. కాస్త తెల్లగా పడ్డాక మళ్ళీ రోజంతా బాగానే ఉంటారు. ఎక్స్‌రే తీయించాం, కళ్ళె పరీక్ష చేయించాం, టీబీ లేదన్నారు. డాక్టరు గారు "వయసు అమ్మా, అంతే" అన్నారు. మా వారు మందుల షాపులో అడిగి దగ్గు సిరప్ తెచ్చారు. అది తాగిన రాత్రి హాయిగా పడుకుంటున్నారు. మా ఆడపడుచు చెప్పిందని పెరుగు, అరటిపండు మాన్పించాం. తొమ్మిదో తరగతి చదివే మా పాప ఆవిడ దగ్గుతుంటే ముఖం చిట్లిస్తోంది. అది చూసి ఈ మధ్య ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గు బిగబడుతున్నారు. మాతో కలిసి భోజనానికి కూర్చోవడం కూడా మానేశారు. నాకు బాధగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ఇది నిజంగా వయసేనా? అంత కఫం ఎక్కడి నుంచి వస్తోంది? మింగేస్తే ప్రమాదమా? మేం ఏం చేయాలి?

ఒక కోడలు, విశాఖపట్నం

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ ఆ కొంగు దగ్గర ఆగిపోయాను. మీరు అడిగినవాటన్నిటికీ జవాబు చెబుతాను కానీ, ముందు ఈ పూటే మీ అత్తయ్య పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పండి. "దగ్గు వస్తే దగ్గేయండి అత్తయ్యా, బిగబట్టుకోకండి" అని. ఆ వయసులో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండటానికి ఆవిడకి మిగిలిన పెద్ద ఆధారం ఆ దగ్గే. దాన్ని ఒకపక్క సిరప్ నొక్కేస్తోంది, ఇంకోపక్క మొహమాటం నొక్కేస్తోంది.

కఫం ఎక్కడి నుంచి వస్తోందని అడిగారు. కఫం అంటే జబ్బు చేస్తేనే పుడుతుందని చాలామంది అనుకుంటారు. గల్ల అనండి, తెమడ అనండి, శ్లేష్మం అనండి, అది మీలోనూ నాలోనూ మీ పాపలోనూ ఈ నిమిషాన కూడా తయారవుతూనే ఉంది. ముక్కు నుంచి ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాల దాకా గోడంతా పలుచని జిగట పొర పరుచుకుని ఉంటుంది. అందులో నూటికి 95 పాళ్ళకు పైగా నీళ్ళే. మిగిలిన ఆ కాస్త జిగురుకే మనం పీల్చే దుమ్ము, పొగ నుసి, క్రిములు వచ్చి అంటుకుంటాయి. అంటుకున్నవి అక్కడే ఉండిపోకుండా ఆ పొర కింద కంటికి కనిపించని నూగు ఉంటుంది. డాక్టర్లు దాన్ని సీలియా అంటారు. గోడలోని ఒక్కో కణం మీద సుమారు 200 దాకా ఉంటాయి. ఒక్కొక్కటి మన తల వెంట్రుక మందంలో పదో వంతు పొడవు. సెకనుకు పది పన్నెండు సార్లు కొట్టుకుంటూ ఆ జిగట పొరని కింద నుంచి గొంతు వైపు నెడుతూ ఉంటాయి. గొంతు దాకా వచ్చిన దాన్ని మనం తెలియకుండానే మింగేస్తాం. పొట్టలోని ఆమ్లం దాని పని పడుతుంది. పుట్టిన దగ్గర నుంచి ప్రతి మనిషిలోనూ జరుగుతున్నది ఇదే. కాబట్టి మింగితే ప్రమాదమా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే వచ్చేసింది: ప్రమాదం లేదు. ఉమ్మడానికి వీలు లేని చోట ఉంటే ఆవిడ నిశ్చింతగా మింగేయవచ్చు.

సముద్రం పక్క ఊరు కాబట్టి ఒడ్డు నుంచి పెద్ద వల లాగడం మీ అత్తయ్య చిన్నప్పటి నుంచీ చూసి ఉంటారు. తాడు పట్టుకుని వరసగా నిలబడతారు. ఒకరు పదం అందుకుంటే అందరూ ఒక్కసారే లాగుతారు. ఆ నూగు పనీ ఇలాంటిదే. ఒక్కటి కొట్టుకుంటే ఏమీ కదలదు. పక్కపక్కనున్నవన్నీ ఒకదాని వెంట ఒకటి వరస తప్పకుండా కొట్టుకుంటేనే పైనున్న పొర జరుగుతుంది. వయసు పైబడ్డాక వరసలో మనుషులు తగ్గుతారు, ఉన్నవాళ్ళ చేతుల్లో వేగం తగ్గుతుంది, అక్కడక్కడా పదం తప్పుతుంది. వల ఒడ్డుకు చేరుతుంది, కాకపోతే ఆలస్యంగా చేరుతుంది.

ఎంత ఆలస్యం అనేది కొలిచి చూశారు. పొగ తాగని పడుచువాళ్ళలో మెడ కింది పెద్ద గాలిగొట్టంలో కఫం నిమిషానికి సుమారు 10 మిల్లీమీటర్లు కదులుతుంటే, పొగ తాగని పెద్దవాళ్ళలో సుమారు 6 మిల్లీమీటర్లే కదిలినట్టు 1970ల నాటి కొలతల్లోనే తేలింది. ఆ గొట్టం పొడవు పది పన్నెండు సెంటీమీటర్లు. పడుచు వయసులో పది పన్నెండు నిమిషాల్లో దాటే దూరానికి ఆవిడ వయసులో దాదాపు ఇరవై నిమిషాలు పడుతుందన్నమాట. లోపలి సన్న గొట్టాల్లో నడక ఇంకా నిదానం. ముక్కులో చేసే ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. శాకరిన్ పలుకు ఒకటి ముక్కు లోపల పెట్టి, గొంతులో తీపి తగలడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. మామూలుగా 20 నిమిషాల లోపే తగులుతుంది. అరవై దాటినవాళ్ళలో సగటున ఎక్కువసేపు పడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే వాళ్ళ నూగు కొట్టుకునే వేగం తగ్గి ఉంటుంది, దాని లోపలి నిర్మాణంలోనూ చిన్న చిన్న లోపాలు కనిపిస్తాయి. అందుకని మీ డాక్టరు గారు "వయసు" అన్నది ఊరికే నోటికొచ్చిన మాటేమీ కాదు. "అంతే" అన్న రెండో మాటతోనే నాకు పేచీ. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీ అత్తయ్య విషయంలో వయసుతో పాటు ఇంకొకటి ఉండి ఉంటుంది. మీరు రాయలేదు కానీ, ఆ తరం ఆడవాళ్ళు చిన్నతనం నుంచీ కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళే. కిటికీ లేని వంటగది, తడి పుల్లలు, పిడకలు, గొట్టంతో ఊదడం. పైగా ఉత్తరాంధ్ర తీరంలో అప్పటి ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు చాలామందికి ఉండేది. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే అలవాటు అది. మీ అత్తయ్యకు లేదన్నారు, చాలా మంచిది. ఇంట్లో వాళ్ళ అమ్మకో అమ్మమ్మకో ఉండేదేమో, ఆ పొగలో పెరిగారేమో అడగండి. ఏళ్ళ తరబడి పొగ తగిలిన గొట్టాల్లో ఆ నూగు అక్కడక్కడా రాలిపోతుంది, ఉన్నది పొట్టిబడుతుంది. అదే సమయంలో జిగురు తయారుచేసే కణాలు పెరుగుతాయి. ఊడ్చే చేతులు తగ్గి, ఊడ్చాల్సింది పెరుగుతుంది. ఈ నష్టం మొదలైన చాలా ఏళ్ళకు గానీ బయటపడదు.

పొద్దున్నే ఎందుకు అంత ఎక్కువ అంటే, నిద్రలో మనం దగ్గం. దగ్గాలన్న స్పృహ నిద్రలో బాగా మొద్దుబారుతుంది. నూగు పని కూడా నెమ్మదిస్తుంది. రాత్రంతా పడుకుని ఉండటంతో కఫం ఎక్కడిది అక్కడే పోగవుతుంది. లేచి కూర్చుని, నాలుగడుగులు వేసి, ఊపిరి కాస్త లోతుగా అందగానే అదంతా కదలడం మొదలుపెడుతుంది. ఆ అరగంట దగ్గు రాత్రి మిగిలిపోయిన పనిని ఆవిడ ఒళ్ళు పూర్తి చేసుకోవడమే.

అయితే ఆ వయసులో దగ్గులోనూ బలం తగ్గుతుంది. మంచి దగ్గు రావాలంటే ముందు లోతుగా ఊపిరి అందాలి, గొంతు ఒక్క క్షణం బిగుసుకోవాలి, తర్వాత పొట్ట కండరాలు ఒక్క ఊపున నొక్కాలి. డెబ్భై దాటాక పక్కటెముకల గూడు బిర్రబిగుస్తుంది, వెన్ను కొద్దిగా గూనిబారుతుంది, కండ తగ్గుతుంది. ఊపిరి నిండా అందదు, నొక్కే బలమూ చాలదు. గొంతులో ఏదైనా పడితే వెంటనే దగ్గు రావాల్సిన చురుకుదనం కూడా కొందరిలో మందగిస్తుంది, ముఖ్యంగా పక్షవాతం వచ్చినవాళ్ళలో. అందుకే పెద్దవాళ్ళకు న్యుమోనియా అంత తేలిగ్గా వస్తుంది.

సిరప్ గురించి చెప్పేముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అప్పటికి నేను ఛాతీ డాక్టరుగా వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను. అమ్మకి 76 ఏళ్ళు, ఊళ్ళో ఉండేది. సరిగ్గా మీ అత్తయ్యలాగే పొద్దున్న దగ్గు. మా బంధువులొకరు మందుల షాపు నుంచి సిరప్ తెచ్చి రాత్రిపూట పోయడం మొదలుపెట్టారు. "దగ్గు పూర్తిగా పోయింది, చంటిపిల్లలా నిద్రపోతోంది" అని ఫోన్‌లో చెప్తే నేనూ సంతోషించాను. ఆ సీసాలో ఏముందని అడగలేదు. ఐదో రోజున అమ్మ నన్ను మా పిన్ని పేరుతో పిలిచింది. అన్నం వద్దంది. జ్వరం లేదు, ఆయాసం పెద్దగా లేదు. అందరూ మతిమరుపు మొదలైందనుకున్నారు. తీసుకొచ్చి ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా న్యుమోనియా. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడింది. ఆ సీసా తర్వాత తెప్పించి చూశాను. అందులో దగ్గును అణిచే మందు ఒకటి, కఫాన్ని ఆరబెట్టి మత్తు తెచ్చే మందు ఒకటి ఉన్నాయి. సిరప్ ఒక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ బయటికి రావాల్సింది ఐదు రాత్రులు లోపలే ఉండిపోయిందని మాత్రం తెలుసు.

అందుకే మీ ఇంట్లో ఉన్న సీసా తీసి దాని మీద అక్షరాలు చదవండి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనిగానీ కోడీన్ అనిగానీ ఉంటే అది దగ్గును అణిచే మందు. పొడి దగ్గుకి కొన్నాళ్ళు పనికొస్తుంది, కఫం పడే దగ్గుకి వద్దు. క్లోర్‌ఫెనిరమైన్ లేదా డైఫెన్‌హైడ్రమిన్ అని ఉంటే మత్తు తెచ్చి కఫాన్ని ఎండబెడుతుంది. పెద్దవాళ్ళలో మూత్రం బిగబట్టేయడం, నోరు ఎండిపోవడం, అయోమయం, రాత్రి లేచినప్పుడు తూలి పడటం దీనివల్ల జరుగుతాయి. ఆవిడ "హాయిగా పడుకోవడం" వెనక ఇదే ఉండి ఉంటుంది. ఈ మందులుంటే ఆపేసి, డాక్టరుకి ఆ సీసా చూపించండి. అంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్, ఎసిటైల్‌సిస్టీన్ లాంటివి వేరే రకం, కఫాన్ని పలుచన చేసేవి. కొందరికి కొంత ఉపయోగపడతాయి, అదీ డాక్టరు చెబితేనే. మన పెరటి కంచెల్లో ఉండే అడ్డసరం ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. దాని నుంచి అంబ్రాక్సాల్ వచ్చింది. మన పెద్దవాళ్ళు దగ్గుకి అడ్డసరం కషాయం ఇవ్వడం వెనక ఉత్త నమ్మకం మాత్రమే లేదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. అలాగని కషాయం కాచి పోయమనడం లేదు. ఆకులో మందు ఎంత ఉందో మనకు తెలియదు, ఆవిడ వేరే మాత్రలు వేసుకుంటున్నారు.

పెరుగు, అరటిపండు తిరిగి పెట్టేయండి. పాలు, పెరుగు తింటే కఫం ఎక్కువగా తయారవుతుందని పరీక్షల్లో తేలలేదు. జలుబు చేసినవాళ్ళకు పాలు తాగించి, కారిన చీమిడిని తూచి మరీ చూశారు, తేడా కనబడలేదు. పాలలోని కొవ్వు ఉమ్మితో కలిసి కాసేపు గొంతులో చిక్కగా అనిపిస్తుంది, ఆ అనుభవం నిజమే. ఆ కాసేపటి చిక్కదనానికి భయపడి ఆవిడ పళ్ళెంలో నుంచి పెరుగు తీసేస్తే పోయేది కండ. దగ్గుకు బలం ఇచ్చేది పొట్ట కండరాలు, ఛాతీ కండరాలు. ఆ వయసులో పప్పు, పెరుగు, గుడ్డు, చేప తగ్గిపోతే దగ్గూ నీరసిస్తుంది. ఫ్రిజ్‌లోది చల్లగా తగిలితే దగ్గు వస్తుందంటే బయట పెట్టి ఇవ్వండి, రాత్రి వద్దంటే మధ్యాహ్నం పెట్టండి. మీ ఆడపడుచుతో గొడవ పడకుండా "డాక్టరు పెట్టమన్నారు" అని నా మీద వేసేయండి.

నీళ్ళ విషయంలోనూ ఒక అపోహ ఉంది. చెంబుల కొద్దీ నీళ్ళు తాగిస్తే కఫం కరిగిపోతుందనుకుంటారు. ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్న మనిషికి ఇంకా తాగించినా కఫం పలుచబడదు. కానీ పెద్దవాళ్ళకు దాహం తెలియదు, పైగా రాత్రి మాటిమాటికీ లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే తాగడం మానేస్తారు. అలా ఎండిపోయిన ఒంట్లో కఫం జిగురులా పట్టుకుంటుంది. పగటిపూట గంటకో గంటన్నరకో అర గ్లాసు, లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు చాలు. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం నీళ్ళ కొలత డాక్టరే చెప్పాలి.

ఆవిరి పట్టడం వల్ల గొంతుకి హాయిగా ఉంటుంది. అంతకు మించి పెద్ద ఫలితం ఉండదు. మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పుకుని వంగి కూర్చుని, గిన్నె ఒళ్ళో పడి కాలినవాళ్ళను చూశాను. ఆవిడ చేయి వణుకుతుంటే అసలు వద్దు. ముక్కులో నూనె చుక్కలు, నెయ్యి చుక్కలు వేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. దగ్గు చురుకు తగ్గిన వయసులో ఆ నూనె మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆ నూగు నూనెను పైకి తేలేదు. అది అక్కడే నిలిచి ఒక రకమైన న్యుమోనియా తెస్తుంది.

ఇక చేయాల్సింది. ఇది నేర్పిస్తే ఆ అరగంట పది పదిహేను నిమిషాలకు తగ్గే అవకాశం ఉంది, ఆయాసమూ ఉండదు. లేచాక గోరువెచ్చని నీళ్ళు తాగి, కుర్చీలో నడుం నిటారుగా కూర్చోమనండి. పాదాలు నేలకు ఆనాలి, భుజాలు వదులుగా ఉండాలి. ముందు ఐదారు సార్లు నెమ్మదిగా మామూలు ఊపిరి, పొట్ట మీద చేయి పెట్టుకుని అది లేస్తోందో లేదో చూసుకుంటూ. తర్వాత ముక్కుతో నిండుగా పీల్చి, రెండు మూడు సెకన్లు నిలిపి, నెమ్మదిగా వదలాలి. ఇలా మూడు నాలుగు సార్లు. ఆ నిలిపిన క్షణాల్లో గాలి పక్కదారుల గుండా కఫం వెనక్కి చేరుతుంది. వెనక గాలి లేకపోతే ఎంత దగ్గినా కఫం కదలదు. అందుకే ఈ మెట్టు దాటవేయనివ్వకండి. మళ్ళీ కాసేపు మామూలు ఊపిరి. ఇప్పుడు నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టేలా "హా..." అని కాస్త గట్టిగా, కాస్త పొడుగ్గా వదలాలి. గొంతు బిగించకూడదు. మొదట సగం ఊపిరి పీల్చి పొడుగ్గా వదిలితే లోపలి సన్న గొట్టాల్లోని కఫం పెద్ద గొట్టంలోకి వస్తుంది. తర్వాత నిండుగా పీల్చి "హా" అని పొట్టిగా, బలంగా వదిలితే అది గొంతు దాకా వస్తుంది. అప్పుడు ఒక్క దగ్గు దగ్గితే చాలు, పడిపోతుంది. ఈ వరస రెండు మూడు సార్లు చేయవచ్చు. తల తిరిగితే ఆగిపోవాలి. కడుపు నిండా తిన్న వెంటనే చేయకూడదు.

దగ్గడం కంటే ఇది ఎందుకు మేలంటే, వయసుతో సన్న గొట్టాల గోడలు వదులవుతాయి. గుక్కతిప్పుకోకుండా గట్టిగా దగ్గితే ఆ ఒత్తిడికి అవి నొక్కుకుపోయి కఫాన్ని లోపలే బంధిస్తాయి. "హా" అని వదిలినప్పుడు గొంతు తెరిచే ఉంటుంది, గొట్టాలు అంతగా నొక్కుకోవు. ఊపిరితిత్తుల ఫిజియోథెరపీ చేసేవాళ్ళు దీన్ని ఒక్క పూటలో నేర్పిస్తారు. ఒకసారి వాళ్ళ ముందు చేయిస్తే తప్పులు సరిదిద్దుతారు.

ఇంకొక మాట, ఇది మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందికి గట్టిగా దగ్గితే మూత్రం చుక్కలు పడుతుంది. చీర తడుస్తుందని దగ్గు బిగబట్టుకుంటారు, చచ్చినా పైకి చెప్పరు. మనవరాలి ముఖం ఒక కారణమైతే ఇది రెండోది అయి ఉండవచ్చు. ఉంటే దానికీ మార్గాలున్నాయి. దగ్గబోయే ముందు మూత్రం ఆపుకునేటప్పుడు బిగించినట్టు కింది కండరాలను బిగించడం అలవాటు చేస్తే చాలామందికి తగ్గుతుంది.

పగలు ఆవిడని కూర్చోబెట్టేయకండి. సాయంత్రం కాస్త చల్లబడ్డాక పావుగంట నడక, ఊపిరి కొద్దిగా ఎగసేంత. నడకలో ఊపిరి లోతుగా ఆడినప్పుడు కఫం తనంతట తానే కదులుతుంది. గదిలో దోమల కాయిల్ వెలిగిస్తుంటే ఈ రాత్రి నుంచే మానేయండి. ఒక్క కాయిల్ కాలి వదిలే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని కొలిచి చెప్పారు. దోమతెర కట్టండి. అగరొత్తులు దేవుడి గదిలో ఒకటి వెలిగించి, కిటికీ తీసి ఉంచండి. పడుకునే ముందు పళ్ళు తోమించండి, కట్టుడు పళ్ళుంటే తీసి కడిగి విడిగా పెట్టించండి. జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో రోజూ నోరు శుభ్రం చేయిస్తే న్యుమోనియాలు తగ్గాయి. రాత్రి నిద్రలో ఉమ్మి కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అందులో క్రిములు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఏటా వేయించుకునే ఫ్లూ టీకా గురించి, విడిగా న్యుమోనియా టీకా గురించి డాక్టరుని అడగండి. ఆవిడ వయసుకు రెండూ అవసరమే.

ఇప్పుడు "అంతే" అన్న మాట దగ్గరికి వస్తాను. వయసు ఒక్కటే కారణమని తేల్చే ముందు చూడాల్సినవి కొన్ని మిగిలాయి. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష, స్పైరోమెట్రీ, చేశారో లేదో మీరు రాయలేదు. పొగ తాగని ఆడవాళ్ళలో కూడా కట్టెల పొగ వల్ల సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు ఇరుకైపోయే జబ్బు, వస్తుంది. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఈ పరీక్షలో దొరుకుతుంది, దొరికితే పీల్చే మందులతో చాలా తేడా ఉంటుంది. బ్రాంకియెక్టాసిస్ అని, గొట్టాలు వెడల్పయి కఫం నిలిచిపోయే జబ్బు ఒకటి ఉంది. అదీ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, సీటీ స్కాన్ కావాలి. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గినవాళ్ళకు ఇది రావచ్చు. గుండె నీరసపడ్డా, కడుపులో పుల్లటి నీళ్ళు పైకి ఎగదన్నినా, ముక్కు వెనక నుంచి గొంతులోకి కారుతున్నా పొద్దున్న దగ్గు వస్తుంది. ఆవిడ బీపీ మాత్ర పేరు చివర "ప్రిల్" అని ఉందేమో చూడండి: ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. వాటివల్ల కొందరికి పొడి దగ్గు, గొంతులో గర గర వస్తాయి. మీరే ఆపేయకండి, డాక్టరుకి చెబితే మార్చి ఇస్తారు. విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, మీకు నచ్చిన ఛాతీ డాక్టరు ఎవరైనా సరే. ఒకసారి చూపించండి.

కఫం రంగు పచ్చగా మారగానే కంగారుపడి యాంటీబయాటిక్ కొనకండి. క్రిములతో పోరాడే మన తెల్లకణాల నుంచే ఆ పచ్చ రంగు వస్తుంది, మామూలు జలుబులో కూడా మారుతుంది. కానీ కఫంలో రక్తం, తుప్పు రంగు, కుళ్ళు వాసన, బరువు తగ్గడం, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో పోటు, ఇవి కనబడితే ఆలస్యం చేయకండి. హఠాత్తుగా అన్నం మానేసినా, మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, జ్వరం లేదని ఊరుకోకుండా ఆ రోజే తీసుకెళ్ళండి. మా అమ్మకి జ్వరం లేదని మేం పోగొట్టుకున్న ఆ ఒకటి రెండు రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఉమ్మడానికి మూత ఉన్న స్టీలు గ్లాసు ఒకటి ఆవిడకి విడిగా ఇవ్వండి. సింకులో ఉమ్మడం వల్లే మీ పాపకి ఇబ్బందిగా ఉందేమో. రోజూ కడిగి, వేడినీళ్ళు పోసి ఆరబెడితే సరి.

పాపకి కోప్పడకండి. నానమ్మ ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో తరగతి కాబట్టి ఆ నూగు సంగతి మీకంటే త్వరగా అర్థం చేసుకుంటుంది. వచ్చే ఆదివారం పొద్దున్న పాప చేతికి ఒక చిన్న అద్దం ఇచ్చి నానమ్మ ఎదురుగా కూర్చోబెట్టండి. ఇద్దరూ వంతులవారీగా దాని మీద "హా" అని ఊదాలి. ఎవరి ఆవిరి పెద్దగా పడిందో పాప చూసి చెప్పాలి.